నీళ్లపాలు

ఇల్లు కట్టి చూడమన్నారు గానీ
అమ్మి చూడమని ఎవరూ అనలేదు.
ఇరవై రెండేళ్లుగా డునెడిన్ కొండవాలు వీధుల్లో
అమ్మకానికి పెట్టిన బాత్రూములకి
మోకాళ్ల మీద కూర్చుని టైల్స్ అతికిస్తున్నాను.
వాటిలో ఎవరూ స్నానం చేయగా చూడలేదు.

ఇజబెల్ గెడ్డీస్ ఇల్లు మెట్లదారి పైన.
చెక్క గోడలు, దక్షిణపు గాలి తిన్నగా లోపలికే.
కిటికీ సందులో పాత తువ్వాలు కుక్కి
ముప్ఫై ఒక్క చలికాలాలు
బీటలువారిన తొట్టిలో గబగబా కానిచ్చేసింది.
"వచ్చే ఏడు చూద్దాం" అనేవాడట ఎర్రోల్.
ఆ ఏడు రాకుండానే వెళ్లిపోయాడు.

ఇప్పుడు మెట్లు ఎక్కలేక అమ్ముతోంది.
ఏజెంటు కుర్రాడు కాలమ్ కాగితం మీద లెక్క గీశాడు:
వంటింటికి రంగేస్తే పెట్టింది తిరిగొస్తుంది,
ముందు గడ్డి కత్తిరిస్తే రెండింతలు,
బాత్రూముకి ముప్ఫై ఎనిమిది వేల డాలర్లు పెడితే
ఇరవై, అదృష్టం బాగుంటే ఇరవై ఒకటి.
"పెట్టకండి" అన్నాడు, పాపం నిజాయితీగానే.
ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుని
నా వైపు తిరిగింది:
"తెల్లవి వద్దు. మబ్బుపట్టిన సముద్రం రంగు దొరుకుతుందా?"

నేల కింద వెచ్చటి తీగలు, రెండద్దాల కిటికీ,
పదకొండు రోజుల పని.
సందుల్లో పూత ఆరాలి, రెండు రోజులు తడి తగలకూడదన్నాను.
తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చుంది,
లోపల పసిపిల్ల నిద్రపోతున్నట్టు.

శనివారం జనం చూడ్డానికి వస్తారు,
ఎక్కడా నీటిచుక్క కనబడకూడదని కాలమ్ హెచ్చరిక.
శుక్రవారం రాత్రి తొట్టి నింపుకుంది.
"చల్లారేదాకా ఉన్నాను" అంది తర్వాత,
"మళ్లీ వేడినీళ్లు పట్టుకున్నాను.
ఆపైన నేల తుడిచి, అద్దం తుడిచి,
అక్కడ నేనెప్పుడూ లేనట్టు చేసి వచ్చాను."

కాలమ్ లెక్క తప్పలేదు.
"పదిహేడు వేలు నీళ్లపాలు" అన్నాను, నోరు జారి.
"అవును, సరిగ్గా నీళ్లపాలే"
అని పకపకా నవ్వింది.

మార్చిలో కొన్న జంట నుంచి ఫోను.
ఇల్లు ఎంతో నచ్చిందట,
బాత్రూమొక్కటే దిగులుగా ఉందట,
ముదురాకుపచ్చ కావాలట.
రేటు చెప్పాను. సుత్తి పట్టుకెళ్లాను.
ఎంత గట్టిగా అతికించానో అప్పుడు తెలిసింది,
మధ్యాహ్నానికి భుజం పట్టేసింది.
ఒక్క టైలు మాత్రం చెక్కుచెదరకుండా ఊడొచ్చింది.
వ్యాను సీటు కింద పడేశాను.

మా ఇంట్లో కుళాయి పక్క టైలు ఊడి నాలుగేళ్లు.
ఆ గుంటలో నైరీ సబ్బు పెట్టుకుంటుంది.
అమ్మేటప్పుడు చూద్దాంలే, అంటుంటాను.
నిన్న రాత్రి బూట్లయినా విప్పకుండా
జిగురు కలిపాను.
సైజు సరిపోలేదు, అంచు కోయాల్సి వచ్చింది.
రంగు అసలే కలవలేదు.

గుమ్మంలో నిలబడి చూస్తోంది నైరీ.
"ఇల్లు అమ్ముతున్నామా?" అంది,
కంగారుగా.