ఎంగిలి పళ్లేలు

బర్స్‌లెమ్‌లో మిగిలిన పాత బట్టీలు
ఎవరో తాగేసి గోడవారన వదిలేసిన ఇటుక సీసాలు.
వాటిలో ఒకదాని పక్కనే ఆ రాత్రి విందు.
నూట ఇరవై మంది.
నేను వెనక గదిలో, సింకు ముందు,
మోచేతుల దాకా రబ్బరు తొడుగుల్లో.

ఎనిడ్ బ్లూర్‌కి డెబ్బై రెండేళ్లు.
పదహారో ఏట నుంచీ కప్పుల మీద గులాబీలు వేసింది.
ఒకటే గులాబీ. ఐదు రేకులు, పక్కన మొగ్గ,
డజనుకి ఇంతని కూలి.
ఫ్యాక్టరీ మూసిన రోజు
కుంచె కోటు జేబులో వేసుకుని వచ్చేసింది.
"దొంగతనమే, రాసుకో" అంది నాతో, టీలో బిస్కెట్ ముంచుతూ.
రాసుకుంటున్నాను.

ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు ఫ్లాట్లు.
కట్టినవాళ్లూ, కొన్నవాళ్లూ, మెడలో గొలుసుతో మేయరూ
కలిసి ఆవిడకి సన్మానం పెట్టారు.
పళ్లేలు నేనే తెస్తానంది.
గొర్రె మాంసం, బంగాళాదుంపలు,
వాటి మీద చిక్కటి గ్రేవీ.
"అడుగు కనపడకూడదు" అని
వంటవాడికి మూడుసార్లు చెప్పింది.

నాకు ముందు చప్పుడే తెలిసింది.
కత్తులు పింగాణీ మీద గీరుకోవడం,
తర్వాత ఒక బల్ల దగ్గర ఆగిపోవడం,
ఇంకో బల్ల దగ్గర,
రేకుల కప్పు మీద వాన వెలిసినట్టు.
ఎవరో నవ్వారు. ఆ నవ్వుకి తోడు దొరకలేదు.

పళ్లేలు నా దగ్గరికి వచ్చాయి.
వేడినీళ్లు పోశాను.
గ్రేవీ జారి, ఒక నుదురు తేలింది.
కనుబొమల్లో ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టొచ్చు.
కళ్లు నిద్ర చాలని కళ్లు, నన్నే చూస్తూ.
ముక్కు కింద, నోరు ఉండాల్సిన చోట
గులాబీ.
ఐదు రేకులు, పక్కన మొగ్గ.

రెండో పళ్లెంలో బస్సు డ్రైవరు రుఖ్సానా. గులాబీ.
వీల్‌చైర్‌కి డబ్బు ఆగిపోయిన పిల్లాడు,
పేరు తెలీదు, వాడికి మొగ్గ మాత్రమే.
ఎవరో ముసలాయన, గడ్డం గీసుకోవడంలో తెగిన గాటుతో సహా.
తర్వాత డెరెక్.
మంగళవారాలు ఫుడ్‌బ్యాంకు వరసలో
నా ముందు నిలబడే డెరెక్.
స్పాంజి చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను.
వాళ్లని తోమడానికి నాకు గంటకి ఇంతని ఇస్తున్నారు.

ఒక పళ్లెం ముట్టనే లేదు.
దుంపలు దుంపల్లాగే ఉన్నాయి.
ముందే తెలిసిందో, ఆకలి లేదో
ఆ పెద్దమనిషికి.
కింద ఎవరున్నారో చూడకుండా
చెత్తబుట్టలోకి వంచలేకపోయాను. చూశాను.
చెప్పను.

ముసల్దానికి మతి పోయిందన్నారు కోట్లు తొడుక్కుంటూ.
తిన్నింటి వాసాలు లెక్కపెడుతోందని
మన భాషలో అయితే అనేవాళ్లు.
సింకు దగ్గర నిలబడితే మటుకు
ఎవరు ఎవరింట తిన్నారో
అంత తేలిగ్గా తెగదు.

డెరెక్ చెంప మీద ఫోర్కు గీత పడింది.
"పగిలినట్టే లెక్క, తీసుకుపో" అంది ఎనిడ్,
చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని, బస్సు కోసం చూస్తూ.

ఇంటికి తెచ్చి చారన్నం పెట్టుకున్నాను.
చేత్తో తింటే తెలిసింది,
ఆ గులాబీ పింగాణీ కన్నా
వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటుందని.
గోరు తగలకుండా చుట్టూ కలుపుకున్నాను.
ఆఖరి మెతుకులు నాలుగు
అక్కడే, ఆ రేకుల మీద ఉండిపోయాయి.
ఎవరి ఎంగిలి ఎవరిదో.

మంగళవారం వానలో వరస కదలడం లేదు.
డెరెక్ వెనక్కి తిరిగాడు, రెండు చెంపలూ నున్నగా.
తిన్నావా అని నోటిదాకా వచ్చింది.
ఈ ఊళ్లో అది పలకరింపు కాదు.
రేపైనా ఎండ వస్తుందేమో
అన్నాను.