మూడు కుర్చీలు

డండీలో నాలుగో అంతస్తు. లిఫ్టు చెడింది.
ఎల్స్పెత్ గెడిస్ ఇంట్లో మూడు కుర్చీలు:
ఒకదాంట్లో ఆవిడ,
ఒకదాంట్లో ఫారంతో మోర్వెన్,
మూలన, మోర్వెన్‌కి మార్కులేసే ఊనా.

"సొంతంగా వండుకోగలరా?"
అవును, కాదు. రెండే గళ్లు.
మీటర్లో డబ్బులయిపోయి
నాలుగు రోజులుగా పొయ్యి వెలగని సంగతి
ఏ గడిలో పడుతుంది?

మోర్వెన్ పెన్ను ఆగింది.
ఊనా పెన్ను కదిలింది.

గోడమీది ఫోటో చూసి
ఫారంలో లేని ప్రశ్నొకటి జారింది:
"ఈ కుక్క పేరేంటి?"
"మార్మలేడ్. పోయి తొమ్మిదేళ్లు."

ఇక గంటసేపు
దిండుకింద దాచిన అద్దె నోటీసు,
స్నానాల గదిలో పడి తెల్లారేదాకా లేవలేని రాత్రి,
అన్నీ ఆ కుక్క వెంటే వచ్చాయి.

గుమ్మం దగ్గర ముసలావిడ
ఊనా చెయ్యి పట్టుకుని అంది:
"పిల్లని పాస్ చెయ్యి.
గడియారం మాత్రం రెండుసార్లు చూసింది.
అదీ రాసుకో."