రసీదు

గ్రీమ్స్ రోడ్డు వెనక సందులో
మా లాడ్జికి ఇరవై రెండు గదులు, ఒక్క లిఫ్టు.
రాత్రి డ్యూటీ నాది.
సూళ్ళూరుపేట నుంచి వచ్చి తొమ్మిదేళ్ళు.

దీవులవాళ్ళే ఎక్కువ దిగేవాళ్ళు మా దగ్గర,
గుండెకి, కళ్ళకి, కిడ్నీకి.
మూసా మానిక్ పేరు రిజిస్టర్లో రాస్తూ
"మాణిక్యం గారూ" అన్నాను మొదటిసారి.
నవ్వాడు. ఆ పేరే ఖాయమైంది.

బోర్డు మీద వాళ్ళ లిపిలో స్వాగతం రాయించాడు
ఓనరు చెంగల్రాయులు.
పెయింటర్ ఏళుమలై ఎడమ నుంచి మొదలుపెడితే
మాణిక్యం వచ్చి, బ్రష్షున్న చెయ్యి పట్టుకుని
కుడివైపుకి జరిపాడు.
"మావి అటునుంచి ఇటొస్తాయి."
ఆ రోజు టీ ఫ్రీ.
ఆ రోజే కాదు, తర్వాత కూడా.

పెద్దన్న, తమ్ముడు అనేవాళ్ళు టీవీలో.
మేం పంపే బియ్యం, ఉల్లిపాయలు, కోడిగుడ్లు
లెక్కపెట్టి మరీ చెప్పేవాళ్ళు.
"తమ్ముడనే ముందు
పుట్టిన తేదీ అడిగారా ఎవరైనా?"
డయాలసిస్ నుంచి వచ్చి, వణుకుతూ
వచ్చీరాని అరవంలో అన్నాడొక రాత్రి.
రిజిస్టర్ చూశాను.
నాకంటే పదకొండేళ్ళు పెద్ద.

తర్వాత ఏదో మాట పడింది.
అక్కడెవరో అన్నారు, ఇక్కడెవరో పట్టుకున్నారు.
వాళ్ళ వీధుల్లో మమ్మల్ని పొమ్మని కేకలు,
మా ఫోన్లలో వాళ్ళు మలమల మాడాలని కూతలు.
పదిహేడు గదుల తాళాలు కొక్కేలకే వేలాడాయి.
బోర్డుకి తెల్లరంగు కొట్టించాడు చెంగల్రాయులు.
ఒక్క కోటే.
సాయంత్రపుటెండ ఏటవాలుగా పడితే
కిందనుంచి అక్షరాలు తేలేవి.

"మనం కాకపోతే వాళ్ళకి దిక్కెవరు?" అన్నాడు.
కరెంటు బిల్లు వచ్చిన రోజు మాత్రం
ఆ మాట అనలేదు.

పద్నాలుగు నెలలు.
పెద్దవాళ్ళు మళ్ళీ చేతులు కలిపారు,
ఫోటోలో ఇద్దరి నవ్వూ ఒకే కొలత.
ఏళుమలై నిచ్చెనతో వచ్చాడు.
ఈసారి ఎవరూ చెప్పకుండానే
కుడినుంచి మొదలెట్టాడు.

ఇన్నాళ్ళూ ఇంకేదో దేశంలో
సూదులు గుచ్చుకున్నాడట మాణిక్యం.
చొక్కా వదులైంది.
ఎప్పటిలాగే ఎండుచేప పొట్లం బల్లమీద పెట్టాడు.
తీసుకున్నాను. టీ తెప్పించాను.
కుర్చీ లాగినా కూర్చోలేదు.
ఖాళీ గ్లాసు పక్కన
పన్నెండు రూపాయలు, చిల్లరతో సహా.

"ఇదేంటి మాణిక్యం గారూ, మనలో మనకి..."

"రసీదు రాయి బాబూ," అన్నాడు మెల్లగా,
"పేరు, మూసా మానిక్."