నలుసు

నా పని పాట వినడం కాదు.
పాటలో పాట కానిదాన్ని పట్టుకోవడం.
సండర్లాండ్‌లో, వేర్ నది ఒడ్డున రేకుల షెడ్డులో
యాభై రికార్డులకి ఒకటి చొప్పున
హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటాను.
చిటుక్కుమంటే ఒక చీటీ, బుస్సుమంటే ఇంకో చీటీ.
బియ్యంలో రాళ్ళేరినట్టు
పదకొండేళ్ళుగా ఇదే.
ఇంటికెళ్ళాక రేడియో పెట్టను.

క్రెయిగ్ హెస్లాప్ బృందం మొదటి రికార్డు
మా దగ్గరే అచ్చయింది.
మూడువేలు వేద్దాం, మిగిలితే కరిగిద్దాం అన్నాడు టుల్లీ.
ఏప్రిల్ నుంచి క్రిస్మస్ దాకా మూడు షిఫ్టులు నడిపాం.
బట్టల దుకాణంలో, బస్సులో,
పళ్ళ డాక్టరు గదిలో కూడా ఆ కుర్రాడే పాడాడు,
నున్నగా, తేనె పూసినట్టు.
వాడి బొమ్మ చొక్కాలేసుకున్న పిల్లలు
వాళ్ళమ్మ ఇంటి గేటు ఊడబీక్కుపోయారు, గుర్తుగా.
ఆవిడ ఇప్పటికీ ఆ ఖాళీలోంచి వెళ్తూ
లేని గేటుని ఒకసారి తోస్తుంది.

ఆ క్రిస్మస్‌కి కంపెనీవాళ్ళు కేకులతో పాటు వాణ్ణీ తెచ్చారు.
కొరికేసుకున్న గోళ్ళు. ఎవరిదో పెద్ద స్వెటరు.
"ఇందులో తప్పులేమీ దొరకలేదా మీకు?" అనడిగాడు.
"ఒక్కటీ లేదు నాయనా" అన్నాను, మెప్పుగానే.
ఆ మాటకి మొహం ఎందుకలా అయిపోయిందో
అప్పుడు తెలీలేదు.

రెండోది అక్టోబరులో వచ్చింది.
సూది దించీ దించగానే చీటీ రాశాను: బుస.
ఇంకో కాపీ. బుస, గరగర, ఎడమవైపు ఏదో చిరుగు.
ఇంకోటి. ఇంకోటి.
మధ్యాహ్నానికి బల్ల మీద చీటీలు గుట్ట.
టుల్లీ లండన్‌కి ఫోను చేశాడు.
అవతల చాలాసేపు ఎవరూ మాట్లాడలేదట.
తర్వాత అలసిపోయిన గొంతొకటి,
"అది అలాగే ఉండాలటండీ. మేమూ అడిగి చూశాం."

అయితే ఇక నేనెందుకు?

మళ్ళీ మొదటినుంచీ పెట్టాను.
ఎనిమిది రోజుల్లో చేశారట,
మూతబడ్డ ఓడల యార్డులో, అద్దాల్లేని రంగుల గోదాములో.
గిటారు ఇనుముని చెక్కుతోంది.
డ్రమ్ములు మెట్లమీంచి దొర్లుతున్నాయి.
క్రెయిగ్ పాడటం లేదు. గొంతులో దిగిన ముల్లుని
ఊరందరి ముందూ కక్కుకుంటున్నాడు.
తేనె పూసిన చోటల్లా గీరేసుకున్నాడు.
మూడో పాటలో కుర్చీ కిర్రుమంది.
ఎవరో "ఆపమంటావా?" అన్నారు.
జవాబుగా గిటారు ఇంకా పెద్దదైంది.

నచ్చిందని అనను. పళ్ళు జివ్వుమన్నాయి.
పక్క బల్ల జిల్ అయితే
"సగం వెనక్కొచ్చేస్తాయి చూడు" అంది.

కానీ ఆ మోత నాకు తెలుసు.
ఇరవై ఏళ్ళు నా మొగుడు రాల్ఫ్
చెవుల్లో మోసుకొచ్చిన మోత.
యార్డు మూసేశాక కూడా
అతని తలలో షిఫ్టు నడుస్తూనే ఉండేది.
రాత్రిళ్ళు లేచి కూర్చుని
"ఎవరో కొడుతున్నారు, వినబడటం లేదూ?" అనేవాడు.
లేదు, పడుకో, అనేదాన్ని.
పోయేదాకా అదే మాట.

ఇదా, రాల్ఫ్?

అయిదున్నరకి, రెండోవైపు చివర,
రికార్డు తిరిగిన ప్రతిసారీ ఒకేచోట
టప్.
అచ్చులో ఇరుక్కున్న నలుసు కావచ్చు.
వాడు బూటుతో నేలని కొట్టిందీ కావచ్చు.
పదకొండేళ్ళ నా చెవి నలుసేనంది.
ఇంకో కట్టలోంచి ఒకటి తీసి వింటే తేలిపోయేది.
తియ్యలేదు.
యాభైకీ పాస్ ముద్ర కొట్టి
కోటు తొడుక్కున్నాను.

లీడ్స్‌లోనో, గ్లాస్గోలోనో, తలుపేసుకున్న గదిలో ఒక పిల్ల
ఆ టప్ దగ్గర తలూపుతూ ఉంటుంది,
అదీ క్రెయిగే అనుకుని.
స్నేహితురాలి కాపీలో అది లేదని తెలిసినరోజు
ఎవరిది చెడిపోయిందనుకుంటుందో.