తలంబ్రాల మొక్క

లాకుల దగ్గర, పాత లస్కర్ల క్వార్టర్ల వెనక
రెండెకరాల ముప్పై సెంట్లు.
ఇరిగేషన్ వాళ్ళదంటారు పంచాయతీ వాళ్ళు,
పంచాయతీదంటారు ఇరిగేషన్ వాళ్ళు.
గేటు మీద జీవవైవిధ్య వనం అని రేకు బోర్డు.
అందులో జీవం ముందే రాలిపోయింది,
మిగతా అక్షరాల వెనక కందిరీగల కాపురం.

ఏప్రిల్ నెలాఖరు. కాలవ కట్టేశారు.
అడుగున బురద నెర్రెలిచ్చి
ఎవరివో చెప్పులు, సీసాలు, ఒక వినాయకుడి చెయ్యి
బయటపడ్డాయి.
గుర్రపుడెక్క లాగాలంటే ఇదే అదునని
ఏసుపాదం మాస్టారు (డ్రిల్లు మాస్టారు లెండి)
విజిలేసి మరీ పిలిచాడు.
వచ్చినవాళ్ళం తొమ్మిదిమంది.
మర్నాటికి అయిదుగురం.

సర్కారు తుమ్మని పొక్లెయినర్ పీకింది,
మొదళ్ళు మాత్రం గునపాలకే లొంగాయి.
వయ్యారిభామకి ఆ పేరు పెట్టిందెవడో గానీ,
చేతులకి గుడ్డలు చుట్టుకుని పీకినా
నూకరత్నం మోచేతులు దద్దుర్లెక్కాయి.
వారం రోజులు గోక్కుంటూనే ఉంది,
తిడుతూనే ఉంది.
ఆ తిట్లు వింటే మొక్కకే సిగ్గేస్తుంది.

నేను మాత్రం, ఎవరూ పంపకుండానే,
ఈశాన్యం మూలకి పోయేదాన్ని.
అక్కడ తలంబ్రాల మొక్క.
మొక్క కాదు, కోట.
పసుపూ గులాబీ కలిసిన గుత్తులు,
లోపలికి చెయ్యి పెడితే చీరేసే కంప.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
కాకినాడ ఆసుపత్రిలో అమ్మ మంచం దిగని వేసవి.
గోడవారన ఆ పువ్వులు చూసి
ఒక కాడ విరిచి, తడిగుడ్డ చుట్టి,
బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.
మా వాకిట్లో బెత్తెడు మన్ను లేదు.
కంచె సందులోంచి ఇటు గుచ్చాను.
ఇది చిగురిస్తే అమ్మ లేస్తుందని
నాకు నేనే మొక్కుకున్నాను.

చిగురించింది.
అమ్మా లేచింది.
ఆ తర్వాత నేను దాని వంక చూడలేదు.

నలభై ఒక్క ఏళ్ళు అదే నా మొక్కు తీరుస్తూ పోయింది,
కణపు చెట్ల మొదళ్ళు మింగి,
రెల్లు దుబ్బులు మింగి,
నీటికోళ్ళు దిగే పల్లం మింగి.

మజ్జిగ తాగుతూ నూకరత్నానికి చెప్పేశాను.
గ్లాసు దించకుండానే అంది:
"ఓసోస్! నువ్వొక్కదానివే తెచ్చావనుకుంటన్నావా?
మా వదిన దడి కట్టుకోడానికి
నీ దాంట్లోంచే మోపెడు కాడలు అట్టుకెళ్ళింది.
లే, లాగు. ఎండెక్కిపోతంది."

లాగాం. తల్లివేరు రెండు రోజులు తీసుకుంది.
నడిమధ్యన జెముడుకాకి గూడు,
అందులో రెండు తెల్లటి గుడ్లు.
ఆ ఒక్క పొదా ఉంచేశాం, పిల్లలు ఎగిరేదాకా.
మాస్టారు విసుక్కున్నాడు.
ఆ తర్వాత ఆయనే తెల్లారకుండా వచ్చి
దూరంగా నిలబడి చూసిపోయేవాడు,
విజిలు జేబులో పెట్టుకుని.

జూన్‌లో నీళ్ళొదిలారు.
ఎర్రటి నీళ్ళు చెత్తని తోసుకుంటూ
లాకుల తలుపులు తట్టిన రోజున
కణపులు, ఏరుమద్దులు, నేరేళ్ళు నాటాం,
గట్టు పొడుగునా మొగలి పిలకలు.
నూట నలభై నాటితే
చవితికి లెక్కేస్తే ఎనభై రెండు.
కొన్ని మేకలు తిన్నాయి.
కొన్ని, అవతలి రొయ్యల చెరువుల ఉప్పు
అడుగునుంచి ఊరి, నిలువునా మాడాయి.
కానుగలకి మాత్రం ఏదీ పట్టలేదు,
పెంకితనం ఒంటికి మంచిదే.

ఇంకా నీడ లేదు. చెప్పుకోదగ్గ పిట్టా లేదు.
ఒకరోజు మాత్రం పల్లంలో
బురద మీద మూడేళ్ళ ముద్రలు, తడిగా,
కాలవ వైపు పోతూ.

మొన్నటి వానకి ఆ మూలనే
గరుకుగా నాలుగాకులు లేచాయి.
గిల్లితే అదే ఘాటు,
ఆసుపత్రి గోడవారదే.
కాసేపు అలాగే ముక్కు దగ్గర ఉంచుకున్నాను.

తర్వాత పీకాను.
మట్టి చేతులతోనే చెంబు ముంచి
పక్కనున్న కణపు మొక్కకి పోశాను.
ఈసారి దేనికీ మొక్కుకోలేదు.

గేటు దగ్గర మళ్ళీ మేక.