మూడో టేకు

గోథెన్‌బర్గ్‌లో ఆ ఫిబ్రవరి రాత్రి
యుల్వా గొంతు జలుబుతో బొంగురుపోయింది.
పదకొండు టేకులు. తేనె కలిపిన వేడినీళ్లు. మళ్లీ మొదటికి.
మూడోదాంట్లోనే ఏదో ఉందని
టోర్కెల్‌కీ తెలుసు, నాకూ తెలుసు.

రెండో చరణం చివర
ఆమె ఊపిరి తీసుకునే సందులో
నడవాలోంచి చిన్న గలగల.
చెరిపెయ్యమన్నాడు టోర్కెల్.
చెరిపాను.
పాట ఇస్త్రీ చేసిన చొక్కాలా పడుకుంది.
మళ్లీ పెట్టాను. ఏమీ అనలేదు.

శుక్రవారం విడుదల.
ఆదివారానికల్లా ట్రాముల్లో, మంగలి కుర్చీల్లో,
చేపల మార్కెట్లో మంచు గడ్డలు పగలగొట్టే
కుర్రాళ్ల ఈలల్లో అదే.
పత్రికలవాళ్లు అడిగారు, ఆ మువ్వలెక్కడివని.
రహస్యం, అని నవ్వింది యుల్వా.
ఆమెకీ తెలీదు.

నాకు తెలుసు. మిర్యెతావి.
నడుముకి ఇరవై తాళంచెవులు వేలాడేసుకుని
రాత్రి పదింటికి మా నేల తుడవడానికొస్తుంది.
నిన్న రేడియోలో పాట వస్తుంటే
బకెట్ దించి, తల కాస్త వంచి విని,
"ఇక్కడెవరో తలుపు తీస్తున్నారు" అంది.

చెప్పేద్దామని నోరు తెరిచాను.
అప్పటికే ఆమె నడవా మలుపు తిరిగింది,
గలగలా.