కలిసి ఉన్నట్టు

బెంజి సర్కిల్ దగ్గర, మూడో అంతస్తులో
కన్సల్టెంటు కుర్రాడు కంప్యూటర్లోంచి తలెత్తకుండానే అడిగాడు:
"కలిసి ఉన్నట్టు ఏముంది?"
చేతులు చూసుకున్నాను.
గోళ్ల కింద ఆటోనగర్ గ్రీజు.

పెళ్లి సర్టిఫికెట్టుంటే ఒక్క కాగితం, అన్నాడు.
లేదంటే నలభై.
పన్నెండు నెలలు ఒకే కప్పు కింద, తెగకుండా.
అద్దె రసీదులు, గ్యాస్ పుస్తకం,
ఇద్దరి పేర్లున్న బ్యాంకు ఖాతా,
ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు.

ఒకే గదిలో ఉండేవాళ్లు ఉత్తరాలెందుకు రాసుకుంటారు బాబూ?
"కూర మూకుట్లో ఉంది, పెరుగు పక్కింట్లో పెట్టా"
అని క్యాలెండరు కాగితం వెనక రాసి
నైట్ డ్యూటీకి పోయేది.
వందల్లో ఉండేవి అలాంటివి.
వాటితోనే దోసెల పెనం తుడిచేవాణ్ణి.

రసీదులు సూట్‌కేసులో ఉండేవి.
సూట్‌కేసు మంచం కింద ఉండేది.
మంచం సింగ్‌నగర్‌లో, కింది పోర్షన్‌లో ఉండేది.
తర్వాత బుడమేరు వచ్చింది.

సువార్త ఇప్పుడు సాస్కటూన్‌లో
ఎవరి ముసలాళ్లకో స్నానాలు చేయిస్తోంది.
ఫోన్లో ఆమె వెనక కిటికీ,
కిటికీ అవతల తెల్లగా, ఏమీ లేకుండా.
విడాకుల కాగితానికి ఆరేళ్లు పట్టింది మస్తాన్,
ఇంకో కాగితం నా వల్ల కాదు, అనేది ఇక్కడున్నప్పుడు.
ఇప్పుడు తనే అడుగుతోంది
అదయిందా, ఇదయిందా అని, కాస్త సిగ్గుపడుతూ.

అసలు చిక్కు ఫోటోల్లో ఉంది.
ప్రతి ఫోటోలోనూ ఆమె మెడలో నల్లపూసలు.
బీసెంట్ రోడ్డులో అరవై రూపాయలు,
అద్దెకి ఇల్లు దొరకాలని.
మూడేళ్లు అయిందని బొంకిన పెళ్లి
ఇప్పుడు కాలేదని ఒట్టేసి చెప్పాలి,
నోటరీ ముందు, ఎర్ర సీలు సాక్షిగా.

ఇంటామె మాణిక్యాంబ గారి సంతకం కావాలి.
మెట్ల మీద గోంగూర తుంచుతోంది.
ఇంజను విప్పినట్టు
ఒక్కో బోల్టూ విప్పుకుంటూ చెప్పాను.
ఆమె కాడలొక వైపు, ఆకులొక వైపు వేస్తూనే ఉంది.

"తెలుసులే.
ఆ పిల్ల స్నానానికి పోతూ పూసలు తీసి
కిటికీ చువ్వకి తగిలించి
నాలుగు రోజులు మర్చిపోయేది.
అయినా కట్టుకున్న మొగుడు ఎవడయ్యా
పొద్దున్నే ఆరింటికి హాస్పిటల్ గేటు కాడ
టీ ఫ్లాస్కుతో నిలబడేది?"

సంతకం పెట్టింది, అక్షరమక్షరం కూడబలుక్కుని.
నానిపోయిన రసీదులు మళ్లీ రాసిమ్మంటే మాత్రం
కళ్లజోడు తీసేసింది.
"జరిగింది చెప్తా. పాత తేదీలు వెయ్యను."

ఇంకో గడి ఖాళీగా ఉంది:
మీ సంబంధం ఏ రోజు మొదలైంది?
సువార్తది ఇల్లు చేరిన రోజు.
నాది, లేతు మిషన్ నా వేలు కోసిన రోజు.
కదిలావంటే ఇంకో కుట్టు ఎక్కువేస్తా, అని
ఆమె బెదిరించిన రోజు.
ఇద్దరూ ఒకే తేదీ చెప్పాలి, లేకపోతే అనుమానం, అన్నాడు కుర్రాడు.
ఆమె తేదీ రాశాను.

ఆ రాత్రి గోడకి ఫోటో తీశాను.
రెండుసార్లు సున్నం కొట్టినా పోని నీటి గీత.
మేడ మీదికి ఎక్కే ముందు
అది నాకు ఛాతీ దాకా, ఆమెకి భుజాల దాకా.
ఒక్కటే మొయ్యగలను, ఏది, అని అరిచాను.
జవాబు చెప్పేలోపే
ఆమె నర్సింగ్ సర్టిఫికెట్ల కవరు
నా నెత్తి మీదుంది.
సూట్‌కేసు అప్పటికే తేలి గుమ్మం దాటింది.

ఈ గోడని ఏ శీర్షిక కింద పెట్టాలో
కుర్రాడికి తోచలేదు.
"ఇతరములు"లో పెట్టమన్నాను.